పరిశోధకుల వార్షిక సదస్సు రాయ్‌పూర్‌కు రావాలి

ఆరోగ్య రంగంలో పిహెచ్.డి. పట్టం కోసం కృషి చేస్తున్న విద్యార్థులు ఏడాదికొకసారి ఒకచోట సమావేశమై తమ పరిశోధనల బాగోగులను చర్చించుకోవడం పలు దేశాల్లో ఆనవాయితీగా వస్తున్నది. కెనడాలో ఇటువంటి సదస్సుకు పేరు తెచ్చిన నగరం టొరంటో కాదు, రాజధాని ఒట్టావా అంతకన్నా కాదు. గోధుమ చేల నడుమ ఉన్న విన్నిపెగ్‌లో మానిటోబా విశ్వవిద్యాలయం ఆధ్వర్యాన కెనేడియన్ స్టూడెంట్ హెల్త్ రీసెర్చ్ ఫోరం పలు సంవత్సరాల పాటు జరిగింది. ఐరోపాలో ఆరోగ్య అర్థశాస్త్ర విద్యార్థులకు జరిగే వార్షిక సమావేశానికి వారి పర్యవేక్షకులు కూడా వెంట వస్తారు. ఒక విద్యార్థి వ్యాసాన్ని మరొక విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్యుడు ముందుగానే చదివి, సభలో దాని లోపాలను ఎత్తి చూపుతాడు. చప్పట్లకూ జ్ఞాపికలకూ అక్కడ పెద్దగా తావుండదు.

భారతదేశంలో వైద్య సదస్సులకు కొదవ లేదు. హృద్రోగ నిపుణులకొకటి, నేత్ర వైద్యులకొకటి, మధుమేహ చికిత్సకులకు నాలుగైదు. ఐదు నక్షత్రాల హోటళ్లలో, మందుల కంపెనీల ఔదార్యంతో అవి ఘనంగానే జరిగిపోతున్నాయి. జీవశాస్త్రాలలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన యువ శాస్త్రజ్ఞుల కోసం ఇండియా బయోసైన్స్ సంస్థ 2009 నుంచి యువ పరిశోధకుల సమావేశాన్ని నిర్వహిస్తున్నది. కాని ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పరిశీలించే విద్యార్థి, గ్రామంలో ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసుకునే విద్యార్థి, ఆసుపత్రి ఖర్చులపై ఆర్థిక శాస్త్రంలో సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థి - ఈ ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ ఏటా కూర్చునే సంప్రదాయం మాత్రం ఇక్కడ వేళ్లూనుకోలేదు. ఆ సంప్రదాయానికి శ్రీకారం చుట్టదలచినవారు వేదికగా ఢిల్లీనో, బెంగళూరునో, హైదరాబాదునో కాక ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌ను ఎంచుకోవడం సముచితం. వెనుకబడిన రాష్ట్రంపై జాలితో చేయవలసిన పని కాదిది. గడచిన పాతికేళ్లలో దేశ ఆరోగ్య విధానాన్ని మలుపు తిప్పిన ప్రశ్నల్లో చాలా భాగం ఆ నేల మీదనే పుట్టాయి.

తొలుత మితానిన్ సంగతి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడే నాటికి అక్కడ డాక్టర్ల కొరత అంతా ఇంతా కాదు. 2002లో ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి ప్రతి పల్లెపాడుకూ ఒక మహిళా ఆరోగ్య కార్యకర్తను ఎంపిక చేసి శిక్షణ ఇచ్చే పథకాన్ని ప్రారంభించాయి. ఛత్తీస్‌గఢీలో మితానిన్ అంటే నెచ్చెలి. పథకానికి ఊపిరి పోసిన రాష్ట్ర ఆరోగ్య వనరుల కేంద్రం రాయ్‌పూర్‌లోనే వెలసింది. మూడేళ్లు తిరిగేసరికి, 2005లో, కేంద్ర ప్రభుత్వం జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌ను ప్రారంభించినప్పుడు 'ఆశ' కార్యకర్తల వ్యవస్థకు నమూనాగా తీసుకున్న అనుభవాల్లో ఇది ముఖ్యమైనది. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ వరకు ఇవాళ గర్భిణులను ఆసుపత్రికి వెంటబెట్టుకు వెళ్తున్న ఆశ కార్యకర్తకు అక్కగారు మితానిన్ అన్నమాట. ఈ విషయం తెలుగునాట ఎందరికి తెలుసునన్నది వేరే ప్రశ్న.

రెండవది, మూడేళ్ల డాక్టర్ల ప్రయోగం. కొత్త రాష్ట్రం 2001లో గ్రామీణ వైద్యానికై మూడేళ్ల కోర్సును తెరిచింది. అల్లోపతి వైద్యుల సంఘాలు భగ్గుమన్నాయి. అరకొర చదువులతో పేదల ప్రాణాలతో చెలగాటమాడతారా అని నిలదీశాయి. కోర్సు కొద్ది కాలానికే మూతపడింది. అప్పటికే చదువు పూర్తి చేసినవారు గ్రామీణ వైద్య సహాయకుల పేరిట మారుమూల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నియమితులయ్యారు. 2010లో భారత ప్రజారోగ్య ఫౌండేషన్, రాయ్‌పూర్‌లోని వనరుల కేంద్రం, జాతీయ ఆరోగ్య వ్యవస్థల వనరుల కేంద్రం కలిసి వీరి సామర్థ్యాన్ని పరీక్షించాయి. సాధారణంగా ప్రాథమిక కేంద్రానికి వచ్చే జబ్బుల విషయంలో వీరు ఎంబిబిఎస్ డాక్టర్లకు తీసిపోరని తేలింది. కోర్సు మూతపడ్డాక ఈ జవాబు వచ్చిందన్నది గమనార్హం. అదే పరీక్ష నాలుగైదేళ్ల ముందు ఒక పిహెచ్.డి. విద్యార్థి చేసి ఉంటే, దాన్ని వినే వేదిక ఒకటి ఉండి ఉంటే, చర్చ కొంచెం భిన్నంగా నడిచేదేమో! 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం చేసినప్పుడు సామాజిక ఆరోగ్య ప్రదాతల నిబంధనపై పార్లమెంటులోనూ వెలుపలా రేగిన దుమారంలో మళ్లీ అవే వాదాలు, అవే ప్రతివాదాలు వినవచ్చాయి.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మూడవ ఉదాహరణ. బిలాస్‌పూర్ సమీపాన గనియారి అనే గ్రామం ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు డాక్టర్లు నగర జీవితాన్ని కాదని అక్కడికి వచ్చి జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థను నెలకొల్పి ఆసుపత్రి నడుపుతున్నారు. క్షయ రోగులు రాగానే బరువు తూచి చీటీలో రాయడం అక్కడి అలవాటు. చూడబోతే అతి సామాన్యమైన పని. కొన్ని సంవత్సరాల చీటీలను ఒకచోట చేర్చి డాక్టర్ అనురాగ్ భార్గవ, ఆయన సహచరులు 1,695 మంది రోగుల వివరాలను విశ్లేషించి 2013లో ప్రచురించారు. చికిత్సకు వచ్చే నాటికి పురుషుల మధ్యస్థ బరువు 42.1 కిలోలు. స్త్రీలది 34.1 కిలోలు. పన్నెండేళ్ల బాలిక బరువుతో వయోజన స్త్రీ క్షయతో పోరాడుతున్నదన్న మాట. బరువు మరీ తక్కువగా ఉన్నవారిలో మరణాల ముప్పు ఎక్కువగా ఉన్నట్లు కూడా ఆ లెక్కలు తేల్చి చెప్పాయి.

మందులతో పాటు తిండి కూడా ఇస్తే ఏమవుతుందన్న ప్రశ్న అక్కడి నుంచే బలపడింది. భారత వైద్య పరిశోధన మండలి - ఐసిఎంఆర్ - నిధులతో జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 'రేషన్స్' పేరిట జరిగిన అధ్యయనం దానికి జవాబు చెప్పింది. సుమారు 2,800 మంది రోగులకూ, వారి ఇళ్లలోని పది వేల పైచిలుకు కుటుంబ సభ్యులకూ సంబంధించిన అధ్యయనమది. రోగులందరికీ నెలనెలా ఆహార దినుసుల పొట్లం ఇచ్చారు. సగం ఇళ్లలో కుటుంబ సభ్యులకు కూడా బియ్యం, కందిపప్పు, విటమిన్ మాత్రలు అందించారు. 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో వెలువడిన ఫలితాల ప్రకారం దినుసులు అందిన ఇళ్లలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం మేర తగ్గింది. ఇతరులకు అంటించగల ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది. టీకా కాదు, కొత్త మందు కాదు - బియ్యం, పప్పు! నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి రోగికి నెలకు 500 రూపాయలు ఇస్తున్న కేంద్రం 2024 నవంబరు నుంచి దానిని వెయ్యి రూపాయలకు పెంచింది. గనియారి చీటీలకూ ఢిల్లీ ఉత్తర్వులకూ మధ్య పదేళ్లకు పైగా దూరం ఉన్నప్పటికీ దారి మాత్రం స్పష్టంగానే కనిపిస్తున్నది.

ఈ ఉదంతంలో పరిశోధక విద్యార్థి నేర్చుకోవలసినది చాలా ఉంది. ఖరీదైన యంత్రం లేదని, విదేశీ సహకారం లేదని వాపోయే విద్యార్థికి ఒక తూనిక యంత్రం, క్రమశిక్షణతో నింపిన రిజిస్టరు ఎంత పని చేయగలవో గనియారికి వెళ్తే తెలుస్తుంది. రాయ్‌పూర్ నుంచి అది బస్సులో కొద్ది గంటల ప్రయాణం. సదస్సు రెండు రోజులు సభా భవనంలో, ఒక రోజు ఇటువంటి చోట జరగాలన్న వాదన అందుకే. దల్లీ రాజహరాలో ఇనుప ఖనిజం గని కార్మికులు తమ సొంత సొమ్ముతో, శ్రమదానంతో 1983లో ప్రారంభించిన షహీద్ ఆసుపత్రి కూడా ఆ చుట్టుపక్కలదే. కార్మిక సంఘం ఆసుపత్రిని ఎలా నడిపిందన్నది ఆరోగ్య అర్థశాస్త్రం చదివే విద్యార్థికి ఏ పాఠ్యగ్రంథంలోనూ సులువుగా దొరకని అధ్యాయం.

తెలుగువారికి ఈ వ్యవహారంలో ఆసక్తి ఎందుకుండాలని ప్రశ్నించేవారు ఉండవచ్చు. కారణం పేరు ఉద్దానం.

శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల నడుమ మూత్రపిండాల వ్యాధి కుటుంబాలకు కుటుంబాలను కబళిస్తున్న వైనం ఇప్పుడు దేశమంతటికీ తెలిసినదే. మధుమేహం లేదు, రక్తపోటు లేదు. అయినా నడి వయసులో కిడ్నీలు పాడవుతున్నాయి. ఐసిఎంఆర్, విశాఖ వైద్యులు, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు పరిశోధనలు జరిపాయి. నీటిలోని సిలికా నుంచి పురుగు మందుల వరకు, ఎండ దెబ్బ నుంచి నొప్పి మాత్రల వరకు అనుమానాలు చాలా ఉన్నాయి. తిరుగులేని కారణం మాత్రం ఇంతవరకు నిర్ధారణ కాలేదు. ఈలోగా ప్రభుత్వాలు డయాలసిస్ కేంద్రాలు తెరిచాయి. రోగులకు ఇచ్చే పింఛనును 2019లో నెలకు 10 వేల రూపాయలు చేశారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఇంటింటికీ మంచినీరు అందించే 700 కోట్ల రూపాయల పథకాన్ని కూడా అప్పుడే ప్రారంభించారు.

ఇదే కథ ఛత్తీస్‌గఢ్‌లో మరో పేరుతో నడుస్తున్నది. గరియాబంద్ జిల్లా దేవ్‌భోగ్ బ్లాకులో, ఒడిశా సరిహద్దును ఆనుకుని సుపేబేడా అనే చిన్న గ్రామం ఉంది. ఆ జిల్లాలోని మైన్‌పూర్ ప్రాంతం వజ్ర నిక్షేపాలకు ప్రసిద్ధి. సుపేబేడాకు ఆ ప్రసిద్ధి ఏమీ అక్కరకు రాలేదు. సంవత్సరాల తరబడి అక్కడివారు కిడ్నీ వ్యాధితో మరణిస్తూనే ఉన్నారు. నీటిలో ఫ్లోరైడ్ అన్నారు, మట్టిలో భార లోహాలన్నారు. 2019 అక్టోబరులో అప్పటి గవర్నర్ అనసూయా ఉయికే స్వయంగా గ్రామానికి వెళ్లారు. మంచి వైద్యం కావాలంటే రోగి 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి రాయ్‌పూర్‌లోని ఎయిమ్స్‌కు చేరాలి. సగం దారిలోనే కూలి డబ్బులు ఖర్చయిపోయే ప్రయాణమది. అయినవారిని పోగొట్టుకుని, అప్పుల పాలై, పిల్లకు సంబంధం కుదరక కుమిలిపోయే ఇళ్లు ఉద్దానంలోనూ ఉన్నాయి, సుపేబేడాలోనూ ఉన్నాయి.

రెండు చోట్లా ప్రశ్న ఒకటే. రెండింటి మధ్య అడ్డుగా ఉన్నది ఒడిశాకు చెందిన కొన్ని జిల్లాలు మాత్రమే. రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి పాత రైలు మార్గం ఉండనే ఉంది. ఆరు వరుసల రహదారి నిర్మాణాన్ని కూడా కేంద్రం చేపట్టింది. ఖనిజం, సిమెంటు, ఉక్కు ఓడరేవుకు చేరడానికి వేసే దారి మీద ఒక్క ఆలోచనైనా ప్రయాణించకూడదా? ఉద్దానంలో నీటి నమూనాలు ఏ పద్ధతిలో సేకరించారో, సుపేబేడాలో అదే పద్ధతి అనుసరించారో లేదో పోల్చి చూస్తేనే గాని ఒకచోట తేలిన అంకెకు మరొకచోట అర్థం ఉండదు. ఆ పోలిక చేయవలసిన వయసు, ఓపిక, తీరిక ఉన్నది పిహెచ్.డి. విద్యార్థులకే. ఆచార్యులకు కమిటీలున్నాయి, మంత్రులకు ప్రారంభోత్సవాలున్నాయి.

ఇలా కలవడం వల్ల ఒరిగేదేమిటన్న సందేహానికి మధ్య అమెరికా సమాధానం చెప్పింది. నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు తోటల కూలీలు కారణం తెలియని కిడ్నీ వ్యాధితో మరణిస్తుంటే, ఏ దేశానికాదేశం విడివిడిగా అధ్యయనాలు చేసుకుంటూ వచ్చింది. 2012లో కోస్టారికాలో వివిధ దేశాల పరిశోధకులు సమావేశమై తమ అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. మండుటెండలో చాలినన్ని నీళ్లు తాగకుండా గంటల తరబడి చేసే శ్రమకూ ఈ వ్యాధికీ గల సంబంధం తదుపరి పరిశోధనలకు ప్రధానాంశమైంది. చెరకు నరికే కూలీలకు నీడ, నీరు, విశ్రాంతి ఇచ్చి ఫలితాన్ని కొలిచే ప్రయోగాలు ఆ తర్వాత వచ్చాయి. శ్రీలంకలోని ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులను పట్టి పీడిస్తున్న ఇదే తరహా వ్యాధి కూడా ఆ చర్చల్లో భాగమైంది. కారణం ఇంకా పూర్తిగా తేలకపోయినా ప్రశ్న మాత్రం పదునెక్కింది. ఉద్దానం, సుపేబేడాల విషయంలో ఆ మాత్రం ముందడుగైనా పడవలసి ఉన్నది.

ఛత్తీస్‌గఢ్‌కూ తెలుగు పరిశోధకులకూ ఉన్న బంధం ఇవాళ్టిది కాదు. వరి కోతకు ముందే పొలంలో కేసరి పప్పు చల్లడం అక్కడి రైతుల పాత అలవాటు. వానలు ముఖం చాటేసిన సంవత్సరాల్లో మిగతా పంటలన్నీ పోయినా అది నిలబడుతుంది. కరువులో అదే ప్రధానాహారమైతే కాళ్లు చచ్చుబడి జీవితాంతం కర్రల సాయంతో నడవవలసి వస్తుంది. ఆ పప్పు అమ్మకాన్ని 1961లో నిషేధించినా సాగు ఆగలేదు. పప్పులోని విష పదార్థాన్ని వేరు చేసి దాని స్వరూపాన్ని నిర్ధారించిన పరిశోధన 1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి వెలువడింది. పి.ఎస్. శర్మ ప్రయోగశాలలో ఆ పని చేసినవారిలో మొదటి పేరు ఎస్.ఎల్.ఎన్. రావుది. అప్పటికి ఆయన యువ పరిశోధకుడు. తదనంతర కాలంలో హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఆ పప్పు మీదనే పరిశోధన కొనసాగించారు. విషం ఏదో తెలిసింది కనుకనే, అది తక్కువగా ఉండే వంగడాల కోసం వెతకడం సాధ్యమైంది. రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రతీక్, మహాతీవరా అనే రకాలను రూపొందించి రైతులకిచ్చింది. బెంగళూరులో మొదలైన పని రాయ్‌పూర్ పొలాల్లో ముగిసిన తీరు ఇది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ కూడా కేసరి పప్పు మీద, నల్గొండ ఫ్లోరోసిస్ మీద చేసిన కృషి సుప్రసిద్ధమే. నల్గొండలో మోకాళ్లు లోపలికి వంగిపోతున్న యువకుల గురించి ఆ సంస్థ శాస్త్రజ్ఞులు 1973లోనే లాన్సెట్‌లో రాశారు. ఇళ్లకు రక్షిత నీరు చేరడానికి ఆ తర్వాత ఎన్ని దశాబ్దాలు పట్టిందో నల్గొండవాసులకు వేరే చెప్పనక్కరలేదు.

విజయగాథలకే పరిమితమైతే సదస్సు సన్మాన సభగా మారుతుంది. వైఫల్యాలను కూడా బల్ల మీద పెట్టాలి. 2014 నవంబరు 8న బిలాస్‌పూర్ శివార్లలో, వాడకంలో లేని ఒక ఆసుపత్రి భవనంలో కుటుంబ నియంత్రణ శిబిరం నిర్వహించి కొద్ది గంటల వ్యవధిలో 83 మంది స్త్రీలకు శస్త్రచికిత్సలు చేశారు. ఆ శిబిరాల పర్యవసానంగా కనీసం 13 మంది మహిళలు మరణించారు. తప్పు డాక్టరుదా, మందులదా, లక్ష్యాలు నిర్దేశించిన వ్యవస్థదా అన్న వాదోపవాదాలు సాగాయి. అటువంటి శిబిరాలను మూడేళ్లలోగా నిలిపివేయాలని 2016 సెప్టెంబరు 14న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం తర్వాత మారుమూల పల్లె స్త్రీకి శస్త్రచికిత్స సౌకర్యం దగ్గరైందా, దూరమైందా? తాత్కాలిక పద్ధతులు నిజంగా అందుబాటులోకి వచ్చాయా? భర్తలు ముందుకు వచ్చారా? ఒక్కొక్కటీ ఒక్కొక్క సిద్ధాంత వ్యాసానికి సరిపడే ప్రశ్న. వాటిపై పని చేసే విద్యార్థి బిలాస్‌పూర్ ప్రజల మధ్య నిలబడి తన ఫలితాలు చెప్పగలగాలి. ఢిల్లీ సభా భవనంలో చెప్పడం సులువు. అక్కడ ఎదురు ప్రశ్న వేసేవారెవరూ బాధిత కుటుంబాల నుంచి వచ్చినవారు కారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. విద్యార్థి గ్రామానికి వెళ్తాడు. రక్త నమూనాలు తీసుకుంటాడు, వంద ప్రశ్నలు అడుగుతాడు, సంతకమో వేలిముద్రో వేయించుకుంటాడు. మూడు నాలుగేళ్లకు సిద్ధాంత వ్యాసం తయారవుతుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది. పట్టం వస్తుంది. వ్యాసం శోధ్‌గంగ భాండాగారంలో చేరుతుంది. తన రక్తంలో ఏమి తేలిందో గ్రామస్థుడికి మాత్రం కబురు అందదు. అదే గ్రామానికి మరుసటి సంవత్సరం మరో విశ్వవిద్యాలయం నుంచి మరో విద్యార్థి అవే ప్రశ్నలతో వస్తాడు. ఏళ్ల తరబడి పరీక్షలకు చేతులు చాచి విసిగిపోయినవారికి పరిశోధన అన్న మాట మీదనే నమ్మకం సడలితే నేరం వారిది కాదు. సదస్సులో పత్రం సమర్పించదలచిన ప్రతి విద్యార్థీ తన పరిశోధన సారాంశాన్ని ఒక్క పుటలో స్థానిక భాషలో - హిందీలోనో, ఛత్తీస్‌గఢీలోనో, గోండిలోనో, తెలుగులోనో - రాసి తేవాలన్న నిబంధన పెడితే ఎలా ఉంటుంది? ఆ పుటను చదివి, అర్థమైందో లేదో చెప్పే న్యాయనిర్ణేతలుగా మితానిన్‌లను కూర్చోబెట్టవచ్చు. దాదాపు 70 వేల మంది ఉన్నారు కనుక న్యాయనిర్ణేతల కొరత రాదు!

విద్యార్థుల పక్షాన చెప్పవలసినది కూడా లేకపోలేదు. 2023లో జూనియర్ పరిశోధక ఉపకార వేతనాన్ని 31 వేల నుంచి 37 వేల రూపాయలకు, సీనియర్లకు 35 వేల నుంచి 42 వేలకు పెంచారు. పెంపుదల స్వాగతించదగినదే. కాని అది నెలనెలా సకాలంలో చేతికి అందడం లేదన్న ఫిర్యాదు చాలా విశ్వవిద్యాలయాల్లో పాతదే. ఏ ఉపకార వేతనమూ లేకుండా, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటూ పరిశోధన చేస్తున్నవారూ ఉన్నారు. పుస్తకాలకు, ప్రయాణాలకు ఇచ్చే సొమ్ము ఏడాదికి కొన్ని వేలు దాటదు. అందులోనే ఢిల్లీ రైలు చార్జీలు, హోటలు ఖర్చు, వేల రూపాయల ప్రవేశ రుసుము చెల్లించి సదస్సులకు వెళ్లాలంటే జిల్లా కళాశాల విద్యార్థికి తలకు మించిన భారం. దాంతో పెద్ద సంస్థల పిల్లలే ప్రతి సదస్సులోనూ కనబడతారు. తక్కినవారికి తమ గైడు మాటే వేదం. గైడు చెప్పినది తప్పని సందేహం కలిగినా అడగడానికి మరో మనిషి ఉండడు. పిహెచ్.డి. ప్రదానానికి ముందు పత్రికలో వ్యాసం ప్రచురించి తీరాలన్న నియమాన్ని 2022 నవంబరు నాటి నిబంధనల్లో యుజిసి తొలగించింది. డబ్బిస్తే ఏదైనా అచ్చు వేసే నకిలీ పత్రికల బెడదను తగ్గించడానికి అది తోడ్పడవచ్చు. అదే సమయంలో బయటి కంటితో పరీక్షించుకునే ఒక అవకాశం కూడా పోయింది. ఆ లోటును పూడ్చగలిగినది తోటివారి నిక్కచ్చి విమర్శే.

అభ్యంతరాలు రాకపోవు. సదస్సులంటే విహార యాత్రలని, సర్కారు సొమ్ము దండగని అనేవారి మాటలో కొంత నిజం ఉంది. జ్యోతి ప్రజ్వలన, గంటన్నర ఆలస్యంగా వచ్చే ముఖ్య అతిథి, ఆయన వెళ్లగానే ఖాళీ అయ్యే ముందు వరుసలు, పేరు ముద్రించిన సంచీ, పదేసి నిమిషాల్లో హడావుడిగా చదివేసే పత్రాలు - ఈ తంతు ఎవరికి తెలియదు? దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టనక్కరలేదు. 1974లో ప్రారంభమైన మెడికో ఫ్రెండ్ సర్కిల్ అనే వైద్యుల, ఆరోగ్య కార్యకర్తల బృందం ఏటా జరుపుకునే సమావేశంలో వేదిక మీద పత్రాలు చదవరు. వాటిని ముందే పంచుతారు, చదివి వచ్చినవారు చర్చిస్తారు. మందుల కంపెనీల సొమ్ము ముట్టరు. ఎవరి ఖర్చు వారు భరించుకుంటారు. పేద విద్యార్థుల విషయంలో ఈ చివరి నియమాన్ని సడలించి, మిగిలిన పద్ధతిని యథాతథంగా తీసుకోవచ్చు.

రాయ్‌పూర్‌లో వసతులు లేవన్న వాదన కూడా ఇప్పుడు చెల్లదు. 1963 నాటి ప్రభుత్వ వైద్య కళాశాల, 2012లో తరగతులు మొదలైన ఎయిమ్స్, రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం, సికిల్ సెల్ వ్యాధి కోసం నెలకొల్పిన ప్రత్యేక సంస్థ, బయోమెడికల్ ఇంజనీరింగ్ బోధించే ఎన్‌ఐటి అన్నీ ఒకే నగరంలో ఉన్నాయి. 2047 నాటికి సికిల్ సెల్ వ్యాధిని నిర్మూలించాలని, ఏడు కోట్ల మందికి పరీక్షలు జరపాలని 2023 జూలై 1న కేంద్రం ప్రకటించిన కార్యక్రమానికి ఛత్తీస్‌గఢ్ కీలకమైన రాష్ట్రం. పరీక్ష చేసి చేతిలో కార్డు పెట్టినంత మాత్రాన గిరిజన కుటుంబాల్లో పెళ్లి సంబంధాలపై ఎటువంటి ప్రభావం పడుతుందో పరిశీలించే పని రక్త పరీక్షకుల కన్నా సామాజిక శాస్త్ర విద్యార్థులది. అదిలాబాద్, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల్లోనూ ఇదే వ్యాధి ఉంది. బస్తర్ దక్షిణ కొసన కోంట, భోపాలపట్నం ప్రాంతాల్లో తెలుగు మాట్లాడేవారు ఉన్నారు, జబ్బు చేస్తే వారిలో చాలామంది దిగి వచ్చేది భద్రాచలం, వరంగల్ ఆసుపత్రులకే. రాష్ట్ర సరిహద్దు దాటగానే రోగి కార్డు, రికార్డు చెల్లుబాటు కాని స్థితిలో ఈ రోగుల లెక్క ఏ రాష్ట్రం ఖాతాలో పడుతున్నదో ఎవరైనా పరిశోధించవలసిందే.

కేంద్రంలో ఆరోగ్య పరిశోధన విభాగం 2007లో ప్రత్యేకంగా ఏర్పడింది. ఐసిఎంఆర్ దాని కిందనే పని చేస్తున్నది. విభాగం ఏటా కొద్దిపాటి సొమ్మును కేటాయించి, ద్వితీయ శ్రేణి రైలు చార్జీలు, హాస్టలు గదుల్లో బస సమకూరిస్తే రెండు మూడు వందల మంది విద్యార్థుల సదస్సుకు పెద్ద ఖర్చేమీ కాదు. ఎంపికలో సగం స్థానాలు రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు, జిల్లా వైద్య కళాశాలలకు కేటాయించాలి. సమయం విషయానికి వస్తే మే, జూన్ నెలల్లో రాయ్‌పూర్ ఎండలు భరించరానివి. వానాకాలంలో గ్రామాలకు దారులు ఉండవు, పైగా అది మలేరియా సీజను. వరి కోతలు, ప్రభుత్వ ధాన్యం కొనుగోళ్లు పూర్తయి పల్లెల్లో కొంత తీరిక చిక్కేది ఫిబ్రవరిలో. మితానిన్‌లు రావాలన్నా, సుపేబేడా పెద్దలు రావాలన్నా, పలాస నుంచి నలుగురు రైలెక్కాలన్నా అదే అనువైన నెల.